మంచినీళ్ల చెంబులో కాస్టిక్ సోడా

బెజవాడ, గవర్నరుపేట.

అక్కయ్యకి, తమ్ముడు కోటేశు దణ్ణం పెట్టి రాసేది.

ముందుగా పెడన పురజనులందరికీ తెలియజేయవలసిన ఘనవార్త: నిన్న కాలవగట్టు మీద నా కుడికాలి చెప్పు తెగిపోయింది. సంతాపంగా బజారంతా మూసేశారు. అదలా ఉంచి, నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, చిన్నారి సీతాలూ ఎలా ఉన్నారు? మీ అత్తగారి మోకాలినొప్పి తగ్గిందా? ఇక్కడి ఎండకి కొండరాళ్లకే చెమటలు పడుతున్నాయి. పూటకూళ్లమ్మ పచ్చిపులుసు బాగా చేస్తుంది, నా తిండికేం లోటు లేదు, బెంగపడకు.

ఇక వేళాకోళం కాదు, ఒళ్లు మండి రాస్తున్నాను. మా రంగుల కొట్లో నాతో పనిచేసే సూరయ్య మొన్న ఎండనపడి వచ్చి, అరుగు మీదున్న చెంబు ఎత్తి గొంతులో పోసుకున్నాడు. అందులో ఉన్నవి మంచినీళ్లు కాదక్కయ్యా, నూలు అద్దకానికి కలిపిన కాస్టిక్ సోడా నీళ్లు! చూడ్డానికి రెండూ ఒకటే. ఎంగిలవుతుందని మనం పెదవికి ఆనించకుండా ఎత్తి పోసుకుంటామా, నోరు చురుక్కుమనేలోపే గుక్క లోపలికి దిగిపోయింది.

చుట్టూ చేరిన పెద్దమనుషులు "ఉప్పునీళ్లు పట్టండ్రా, కక్కేస్తాడు" అని పట్టించారు. ఆస్పత్రిలో డాక్టరుగారు తల పట్టుకున్నారు. "దిగేటప్పుడు కాలింది చాలదటయ్యా? కక్కించి రెండోసారి కాల్చారు!" అన్నారు. అన్నం దిగే గొట్టం లోపలంతా పుండయిందట. పుండు మానేకొద్దీ గొట్టం బిగుసుకుపోతుందట, రబ్బరు గొట్టాలు దూర్చి సాగదియ్యాలట. ఆవకాయ ముక్క కొరికితే వీధి చివరికి వినపడే మనిషి, ఇప్పుడు ఉమ్మి మింగడానికి ఏడుస్తున్నాడు.

మా షావుకారు ఏమన్నాడో తెలుసా? "చూసుకుని తాగక్కర్లేదుట్రా, గుడ్డివెధవా!" అన్నాడు. తాగే చెంబులో విషం పోయించినవాడికి కళ్లున్నట్టూ, దాహమేసినవాడు గుడ్డివాడూనా! "అయితే తమరో గుక్క రుచి చూడండి షావుకారుగారూ" అని అదే చెంబు ఆయన మూతికి ఆనించాను. ఒక్క దూకు దూకి పారిపోయాడు. పంచె తలుపు కొక్కేనికే వేలాడింది.

అక్కయ్యా, బావ కూడా నూలు అద్దకానికి కాస్టిక్ కలిపే చెంబు మీ వంటింట్లో నీళ్లకుండ పక్కనే ఉంటుంది. సీతాలు ఆడి ఆడి పరిగెత్తుకొచ్చి, చేతికందిన చెంబు ఎత్తేస్తుంది. "ఇన్నేళ్లుగా అక్కడే ఉంది, ఏమయిందిరా?" అంటాడు బావ. సూరయ్యా అలాగే అనేవాడు. ఈ ఉత్తరం అందగానే దాన్ని అక్కణ్ణుంచి తీయించు. ఆ సరుకుకి వేరే కుండ పెట్టి, మూతికి గుడ్డ కట్టి, పిల్లకి అందని అటక మీదికి ఎక్కించు. తీసినట్టు నాకు ఓ కార్డు ముక్క రాయించు. అది వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

బావకీ, మీ అత్తగారికీ నా దణ్ణాలు. సీతాలుకి ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

ఇప్పుడు నిజం చెప్తాను. చెప్పు తెగలేదు, బజారు మూయలేదు. షావుకారు పంచె ఆయన నడుముకే ఉంది. నేను చెంబూ ఎత్తలేదు, నోరూ ఎత్తలేదు. తలొంచుకుని నూలు పిండుకున్నాను. సూరయ్య గొంతు మాత్రం నిజం. మీ నీళ్లకుండ పక్కనున్న చెంబూ నిజం.

నీ తమ్ముడు,
కోటేశు