మగ్గం పాటలో నాలుగు దెబ్బల ఖాళీ

ఆదివారం, నారాయణపేట

మా రాక్ బ్యాండ్ ఐదో క్యాసెట్ కోసం ఈరోజు మగ్గం పాట రికార్డు చేశాం. మధ్యలో డ్రమ్మర్ నర్సింలు నాలుగు దెబ్బలసేపు చేతులు ఆపేశాడు. తాళం తప్పిందని, మళ్లీ వాయించమని హైదరాబాద్ రికార్డిస్టు కసిరాడు.

"తప్పలే సార్. పోగు తెగితే మగ్గం ఆగదా? అతికినంకనే మళ్ల నడుస్తది," అన్నాడు నర్సింలు.

పదిహేనేళ్లుగా ఇట్లాంటి రికార్డిస్టులు చెప్పినట్టల్లా సరిదిద్దుకున్నాం. నాలుగు క్యాసెట్లూ నున్నగా వచ్చాయి, ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు. ఇదీ పోతే బ్యాండ్ మూసుకోవాల్సిందే. అయినా ఆ ఖాళీ అట్లాగే ఉంచమని తెగేసి చెప్పాను.

సాయంత్రం నర్సింలు వాళ్ల బాపుకు పాట వినిపించాం. ఆయన మగ్గం దిగి ఏళ్లయింది. డ్రమ్ము ఆగగానే, తెగిన పోగు అతకడానికి ఆయన వేళ్లు వాటంతటవే కదిలాయి.

అక్కడ ఒక్క దెబ్బ కూడా చేర్చనివ్వను.