వెక్కిరించకుండా ఇరవై నిమిషాలు

4, ఆదివారం

నిర్ణయం తీసుకున్నాను. రేపటి నుంచి ఇరవై రెండో తేదీ దాకా, రోజూ సాయంత్రం 5.30 నుంచి 5.50 వరకు, మా ఆడపడుచు చెప్పేదంతా వెక్కిరించకుండా వింటాను.

సంగతి ఇదీ. ఇరవై రెండున ఆమె అయిదుగురు పెద్దల కమిటీ ముందు తన పరిశోధన గురించి మాట్లాడాలి. వాళ్ళకు నచ్చితే ల్యాబులో పర్మనెంటు ఉద్యోగం. నచ్చకపోతే నెలాఖరుతో కాంట్రాక్టు ఆఖరు. "ఏమీ తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ చెప్పు" అని ఆమె గైడు గారి సలహా. ఏమీ తెలియని మనిషి కోసం ఇంట్లో వెతికారు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను దొరికాను.

"ఒక్కటే షరతు వదినా. మూతి విరవకూడదు."

"నేనెప్పుడు విరిచానమ్మడూ?"

"ఇప్పుడే!"

నియమాలు:
1. మధ్యలో మాట తుంచను.
2. మూతి తిప్పను.
3. మా ఆయన వైపు చూసి నవ్వను.

నోరు జారినవి ఎన్నో ఏ రోజుకారోజు రాసుకుంటాను. ఇందులో కష్టమేముంది! ఇరవయ్యొక్కేళ్ళ కాపురం చేసినదాన్ని. నోరు కట్టుకోవటం రాకపోతే ఇన్నేళ్ళు గడిచేవా?

5, సోమవారం

5.30. కుర్చీలో నిటారుగా. చేతులు ఒళ్ళో.

అర్థమైనంత వరకు: మన ఒంట్లో డీఎన్‌ఏ ఉంటుంది. రెండు పేటల తాడును మెలితిప్పినట్టు. మధ్యలో నిచ్చెనకున్నట్టు జతలు జతలుగా మెట్లు, పళ్ళాల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి. దాన్ని బంగారు పూత ఉన్న చిన్న చిప్పు మీద నిలబెడతారు. పై చివర నీలిరంగు మందు. కింద నుంచి పంపిన కరెంటు దొంతరలోంచి పాకి ఆ మందును చేరితే, యంత్రంలో గీత పైకి లేస్తుంది. మధ్యలో ఒక్క జత తప్పున్నా దొంతర సరిగా కుదరదు, కరెంటు సరిగా పాకదు, గీత పడిపోతుంది. అలా చుక్క రక్తంతోనే జబ్బును ముందుగా పసిగట్టవచ్చట.

బాగుంది! నిజంగానే బాగుంది!

నోరు జారినవి: 0.

6, మంగళవారం

నిన్న నిచ్చెన అంది. ఇవాళ తీగ అంది. ఆరు నిమిషాలు పోయాక జిప్పు అంది. చివరికి రైలు పట్టాలు. కమిటీ వాళ్ళు ఇంటికి వెళ్ళాక ఇనప సామాన్ల కొట్టుకు వెళ్ళొచ్చామనుకుంటారు.

పైకి అనలేదు. డైరీలో రాసింది లెక్కలోకి రాదు.

నోరు జారినవి: 0.

7, బుధవారం

5.41. "ఎలక్ట్రాన్లు ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి సరదాగా దూకుతూ పోతాయి" అంది. సరదాగానట! ముక్కులోంచి గాలి దానంతటదే వచ్చింది.

"వదినా!"

"జలుబమ్మా."

జలుబు లెక్కలోకి రాదు. తర్వాత వంటింట్లో గైడు గారి మీద రెండు మాటలన్నాను. పదిహేడు స్లైడుల్లో పదకొండింటి మీద ఆయన పేరే ఉంది. డీఎన్‌ఏని ఆయనే కన్నట్టు. ఆయన ఈ ఇంటి మనిషి కారు గనక అదీ రాదు.

నోరు జారినవి: 0.

9, శుక్రవారం

నా దస్తూరి బాగుంటుందని, తన నోట్‌బుక్కులోని కొలతల పట్టికను శుభ్రంగా తిరిగి రాసిపెట్టమంది. ఆమె రాత చీమ సిరాలో పడి లేచి నడిచినట్టు ఉంటుంది. 10.00కి మొదలుపెట్టి 12.10కి ముగించాను. నలభై నమూనాలు. రోజుకు నాలుగు, పది రోజులు. ఇరవై ఒప్పువి, ఇరవై ఒక జత తప్పినవి.

ఒక సంగతి కంటపడింది. ఒప్పువన్నీ పొద్దున పదికీ పదకొండుకీ కొలిచింది. తప్పువన్నీ మధ్యాహ్నం మూడుకీ నాలుగుకీ. పది రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి అటూ ఇటూ కాలేదు. పైగా రోజంతా ఒకే చిప్పు, కడిగి మళ్ళీ మళ్ళీ వాడటం. అన్నిసార్లు కడిగాక పొద్దున ఉన్నట్టే ఉంటుందా ఆ చిప్పు? గీత పడిపోయింది తప్పు జత వల్లా, అరిగిన చిప్పు వల్లా?

అడుగుదామనుకున్నాను. నా గొంతు నాకు తెలుసు. నేనడిగితే అది ప్రశ్నలా ఉండదు, నియమం తప్పుతుంది. ఇంకో నిజం కూడా రాయాలి. ఇంత పదునైన మాటను ఊరికే వాడెయ్యబుద్ధి కాలేదు. దాచుకున్నాను.

నోరు జారినవి: 0.

11, ఆదివారం

మా ఆయన పేపరు దించారు.

"అంతా బాగుంది గానీ చెల్లాయ్, ఒంట్లో అంత కరెంటు తిరుగుతుంటే మనకి షాక్ కొట్టదేం?"

ఆమె ఓపిగ్గా తొమ్మిది నిమిషాలు చెప్పింది. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళ సంగతి నియమాల్లో లేదు. చివరికి "మీకు కొట్టినా తెలీదు లెండి" అన్నాను. మొగుణ్ణి అన్నది ఆడపడుచు పద్దులో ఎలా పడుతుంది? పడదు.

నోరు జారినవి: 0. (ఆయనవి వేరు: 4.)

13, మంగళవారం

తలనొప్పి. 5.30కి బదులు 5.42కి కూర్చున్నాను. ఎనిమిది నిమిషాలే గండం.

స్లైడులో "ఇక్కడ సభ నవ్వాలి" అని రాసుకుని ఒక జోకు వేసింది. సభ నవ్వలేదు. సభ అంటే నేనే.

"నవ్వలేదేం వదినా?"

"నవ్వకూడదని నియమం కదమ్మా."

ఇది సగమే అవుతుంది.

నోరు జారినవి: 0.5. అర అంటే ఎంతని!

15, గురువారం

అయిపోయింది.

5.36. గ్రాఫు చూపించింది. ఎడమ పక్క పొడుగు గీతలు, కుడి పక్క పొట్టి గీతలు.

"చూశావా వదినా? ఒక్క జత తప్పితే డెబ్భై శాతం పడిపోయింది! దీంతో కమిటీ నోరు మూతపడుతుంది."

కమిటీది సరే, నాది తెరుచుకుంది.

"అయితే రేపు నన్నూ పొద్దున పదింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి కొలువమ్మా! అంట్లు తోమి, బట్టలుతికి, ఇల్లు తుడిచేసరికి నాలోనూ డెబ్భై శాతం పడిపోయుంటుంది. అంటే నాకు భోజనమయ్యాక జబ్బు తగులుకున్నట్టా? పొద్దుట్నుంచీ ఆ చిప్పును ఉతికి ఆరేసి, పాపం, చివరికి తప్పంతా డీఎన్‌ఏ మీదకి తోశావా?"

మా ఆయన పేపరు వెనక నుంచి గట్టిగా నవ్వారు.

ఆమె నవ్వలేదు. నోట్‌బుక్కు తెరిచి, గంటలు రాసిన వరుస మీద వేలు పెట్టి, పైనుంచి కిందిదాకా లాగింది. మొహం పాలిపోయింది.

"తప్పువి ముందు పెడితే చిప్పు మీద అంటుకుని ఉండి ఒప్పువాటిని పాడుచేస్తాయని..." అంది, అక్కడ లేని ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. సంచి తీసుకుని ల్యాబుకు వెళ్ళిపోయింది.

నోరు జారినవి: 1. పదకొండు రోజుల్లో ఒక్కటి!

16, శుక్రవారం

6.40కే వెళ్ళింది. టీ అలాగే వదిలేసింది. నాతో మాట లేదు.

ఇదా మర్యాద? గైడు గారు సంతకం పెట్టిన పట్టికలో తప్పు పట్టింది ఎవరు? అంట్లు తోముకునే మనిషి. శాలువా కప్పాల్సింది పోయి మొహం చాటేస్తారా?

5.30కి వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాను. కాళ్ళు నొప్పి పుట్టి.

19, సోమవారం

5.30. వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వరుస మార్చి మార్చి కొలుస్తున్నా వదినా. ఒకసారి తప్పుది ముందు, ఒకసారి ఒప్పుది ముందు. ప్రతిదానికీ కొత్త చిప్పు. పడిపోవటం నిజమే. కానీ డెబ్భై కాదు, నలభై."

"నలభై తక్కువా?"

"తక్కువేం కాదు. కానీ మొత్తం నలభై నమూనాలూ మళ్ళీ చెయ్యాలి. రోజుకి నాలుగే అవుతాయి. ఇరవై రెండు లోపు ఇరవై నాలుగుకి మించవు."

"గైడు గారేమంటారు?"

"పాత గ్రాఫే పెట్టెయ్, గంటలెవరు చూడొచ్చారు అన్నారు."

ఆయన గురించి నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగాను.

"పెడతావా?"

"తెలిశాక ఎలా పెడతా?" అంది. కాస్త ఆగి, "అయినా గ్రాఫు చూడగానే అంత మాట ఎలా తట్టింది వదినా నీకు?" అంది.

మెచ్చుకుంటోంది. ఊఁ అంటే సరిపోయేది.

"గ్రాఫు చూసి కాదమ్మడూ. తొమ్మిదినే చూశాను, పట్టిక రాసేటప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వెక్కిరింత అవుతుందని..."

"అడగొచ్చుగా మామూలుగా?"

ఆమె వేళ్ళ మీద లెక్కేసింది. నేను ముందే వేశాను. పదో తేదీన మొదలుపెట్టి ఉంటే పన్నెండు రోజులు. రోజుకు నాలుగు చొప్పున నలభై ఎనిమిది. నలభైయీ అయిపోయి రెండు రోజులు మిగిలేవి.

"ఒక్క మాటని ఆరు రోజులు ఊరబెట్టావా వదినా? రుచి కోసమా?"

ఆమె నన్ను వెక్కిరించటం ఇదే మొదలు. బాగానే వెక్కిరించింది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పక్కర్లేదు.

నోరు జారినవి: 0. జారాల్సిన రోజు జారనివి: 1.

22, గురువారం

9.00కి వెళ్ళింది. 2.15కి ఫోను.

కొత్త కొలతలు ఇరవై నాలుగే అయ్యాయని, పాతవి నమ్మవద్దని, ఎందుకో కూడా తనే చెప్పిందట. గంటల వరుస గురించి ఎవరూ అడగలేదట. తనే చూపించిందట. ఉద్యోగం ఇవ్వలేదు. ఇవ్వమనీ అనలేదు. కాంట్రాక్టు మూడు నెలలు పొడిగించి, అన్నీ పూర్తిచేసి మళ్ళీ రమ్మన్నారు. ఈ మధ్యలో ఇంకెవరైనా వస్తే ఆ కుర్చీ వాళ్ళదే.

కమిటీ మీద అర పేజీ రాశాను. కొట్టేశాను. వాళ్ళు చేసింది సబబే. ఆరు రోజులు మింగింది కమిటీ కాదు.

25, ఆదివారం

మళ్ళీ మొదలు. ఈసారి మూడు నెలలు.

"వింటావా వదినా, ఇంకెవర్నైనా చూసుకోనా?"

"ఏమీ తెలియని మనిషి ఇంకెక్కడ దొరుకుతుందమ్మా నీకు?"

"ఇప్పుడు నీకు కొంచెం తెలుసు. నా భయమదే."

పాత నియమాలు మూడూ కొట్టేశాను. కొత్తది ఒక్కటే. సందేహం వచ్చిన నిమిషంలోనే, మామూలు గొంతుతో అడగాలి. మామూలు గొంతు కోసం ఉదయం 8.00కి అద్దం ముందు సాధన చేశాను. మూడోసారికి మా ఆయన పరుగెత్తుకొచ్చి, "ఎవరితో పోట్లాట?" అన్నారు.

5.30. కూర్చున్నాం.

5.34. సందేహం. అడిగాను.

"కొలిచేటప్పుడు ఏది ఒప్పో, ఏది తప్పో నీకు ముందే తెలుసా?"

"తెలుసు. సీసా మీద రాసుంటుందిగా. ఎందుకు?"

"తెలిశాక చెయ్యి అటువైపు మొగ్గకుండా ఊరుకుంటుందా అని."

మామూలు గొంతే. దాదాపు.

ఆమె పెన్ను తీసుకుని ఏదో రాసుకుంది.

"రేపట్నుంచి నాతో ల్యాబుకొచ్చి, ఆ రాత కనపడకుండా సీసాల మీద అంకెల చీటీలు నువ్వు అంటించు వదినా. ఏది ఏదో నాకు చెప్పకు."

"మూడు నెలలూ చెప్పకూడదా?"

"చెప్పకూడదు. దాచటం నీకు కొత్తేం కాదుగా."

దీనికి నా దగ్గర చాలా మంచి జవాబుంది. గ్లాసెడు నీళ్ళు తాగాను.

5.38. ఇంకా పన్నెండు నిమిషాలు.