పెద్దకాపు చాప

ఫిబ్రవరి 9, సోమవారం

కావలి బస్సు పోయింది. ఎండుచేపల గంప దించి నిలబడ్డాను... బస్సు వచ్చింది, గంప నెత్తికెత్తే చెయ్యి లేదు. నిండు గంప ఒక్కరే ఎత్తుకోలేరు. స్టాపులో మా ఊరి ఆడవాళ్లు అందరూ ఉన్నారు. నాకు చెయ్యేస్తే ఊరికి తప్పు డబ్బులు కట్టాలి, నాతో మాట్లాడినా కట్టాలి. వెలి అంటే అదే మరి. కోడలు వచ్చేదాకా గంప పక్కనే కూర్చుని ఒక్కొక్కరి మొహం చూశాను. వాళ్లే తల తిప్పుకున్నారు. నేను తిప్పలేదు.

ఫిబ్రవరి 10

గుండె దడ. బీపీ మాత్ర వేసుకున్నానా? రెండోసారి వేసుకుంటే ఏమవుతుందో. వేసుకోకపోతే ఏమవుతుందో. కొడుకు పక్క ఊరి పడవలో వేటకు వెళ్లాడు, గాలి మారింది.

ఇదంతా మేం చేపలు ఎండబెట్టుకునే ఇసుక కోసం. ఎమ్మెల్యే బామ్మర్దికి అక్కడ రొయ్యపిల్లలు పెంచే హ్యాచరీ కావాలట. నేను ఒప్పుకోలేదు. ఊరికి తీర్పు చెప్పే మా పెద్దకాపు పోలయ్య, నా సొంత మరిది, ముందు వాడూ ఒప్పుకోలేదు. తర్వాత ఎమ్మెల్యే వచ్చాడు. గంగమ్మ గుడి ముందు పెద్దకాపు చాప మీద కూర్చున్నాడు! ఆ చాప మీద ఇంకొకరు కూర్చోగా నేను పుట్టి చూడలేదు. నవ్వుతూ అన్నది ఒకటే— “ఊరంతా ఒక మాట మీదుంటే నాకు సంతోషం. ఎదురు చెప్పేవాళ్లుంటే మీ కట్టుబాటు ఎందుకుండాది?”

ఆ సాయంత్రానికే నన్ను వెలేసినట్టు దండోరా.

ఫిబ్రవరి 12

కావలిలో లాయరు. నేనే కేసు వేశాను కాబట్టి, ఈ వెలి ఎమ్మెల్యే చేయించాడా, ఊరే చేసిందా తేల్చడానికి కోర్టు ఒక ఆఫీసరమ్మను పంపుతోంది.

“చాప మీద కూర్చోవడం నేరం కాదమ్మా. ఈమెను వెలేయండి అన్నాడని ఒక్క మాట చేర్చు.”

“అనలేదు నాయనా.”

“అన్నాడనుకో. కాదనేదెవరు?”

“ఊరంతా విన్నారు.”

“ఊరు నీతో మాట్లాడదు గదమ్మా!”

నాకూ నవ్వొచ్చింది. అయినా చేర్చను.

ఫిబ్రవరి 13

మోటారుసైకిలు మీద ఎమ్మెల్యే మనిషి. “అవ్వా, ఆయన పేరు తీసెయ్. ఊరే చేసిందని చెప్పు. నీకు ఇల్లు శాంక్షన్ చేయిస్తాం.”

“ఊరు చేసిందయితే నువ్వెందుకొచ్చినావు అబ్బయా?”

తల గోక్కున్నాడు. బండి తిరిగాక పొయ్యి దగ్గర కూలబడ్డాను. కోడలు చూసి, “అప్పుడు అంత గట్టిగా మాట్లాడితివి గదత్తా” అంది. అప్పుడు వాడు ఎదురుగా ఉన్నాడు కదా.

ఫిబ్రవరి 14

ఒకడు చేర్చమంటాడు. ఒకడు తీసెయ్యమంటాడు. విన్నది నేను.

ఫిబ్రవరి 16, సోమవారం

చెప్పాను. ఆఫీసరమ్మ చిన్నపిల్ల, నెమ్మదిగా అడిగింది. “చాప ఆయనే తీసుకున్నాడా, పెద్దకాపు లేచి ఇచ్చాడా?”

నిజం నాకే అడ్డం. “మా పోలయ్యే లేచినాడమ్మా. ఆయన అడగలేదు.”

లాయరు నుదురు కొట్టుకున్నాడు. నేను ఆగలేదు. “అడగలేదు కాబట్టే చెప్తుండా. ఆయనకు అడగాల్సిన పనే లేకపోయింది. ఆయనొచ్చిన పొద్దునే పోలీసు జీపొచ్చి పోలయ్య కొడుకును ఎక్కించుకుపోయింది. ఏం తప్పు చేసినాడో ఎవరూ చెప్పలేదు. దండోరా అయినాక దింపినారు. బిడ్డ స్టేషన్లో ఉంటే ఏ తండ్రి లేవడు?”

“ఎమ్మెల్యే పట్టించాడని మీకు తెలుసా?”

“తెలవదు. పోలయ్యకు తెలుసు.”

రేపు పోలయ్యను పిలుస్తారట. తప్పు చేశానా? వాడి బిడ్డ పేరు నా నోటితో తెచ్చాను. చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను, అంతే. మళ్లీ అడిగినా అదే చెబుతాను.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

గుమ్మంలో పోలయ్య. నాతో ఎవరూ మాట్లాడకూడదని తీర్పు చెప్పినవాడు.

“వదినా.”

ఎన్నాళ్లకో ఆ పిలుపు.

“నిజం చెప్తే పిల్లోణ్ణి మళ్లీ ఎత్తుకపోతారు. ఏం చెప్పమంటావు?”

నేనూ తల్లినే. చెప్పు అనడానికి నోరు రాలేదు. వద్దు అనడానికి అసలు రాలేదు. “ఏమీ చేర్చబాక. ఏమీ తీయబాక” అన్నాను.

ఎదురింటి కిటికీలో మొహాలు. “లోపలికి రా, చూస్తుండారు.”

“చూడనీలే” అన్నాడు. లోపలికైతే రాలేదు.

రాస్తూనే ఉన్నాను, ఇంకా అక్కడే ఉన్నాడు. కోడలు టీ గ్లాసు గడప మీద పెట్టింది. వెలివేసిన ఇంటి టీ... చూస్తున్నాడు. చెయ్యి ఇంకా చాపలేదు.