నీళ్ల ట్యాంకు మీద మూడు పేర్లు

విశాఖపట్నం మల్కాపురంలో కాపురముంటున్న కర్రి గౌరీశ్వరి అనే నేను, పోర్టు క్రేను కలాసీ కర్రి అప్పలసూరి గారి భార్యను, వయస్సు ఇరవై నాలుగు, చదువు ఎలమంచిలి బళ్లో ఐదో తరగతి వరకు, నా ఇష్టంతో నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉంది. ఒంట్లో జ్వరం లేదు. నన్నెవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. పొద్దున్న రెండు గ్లాసుల టీ తాగి, బియ్యం ఏరి పెట్టాకే కలం పట్టుకున్నాను.

రేపు గురువారం దువ్వాడ దగ్గరి కొత్త కాలనీలో నీళ్ల ట్యాంకు మీద బొమ్మ వేయడానికి అరవై అడుగుల ఎత్తు మొదటిసారి ఎక్కుతున్నాను. పోర్టులో మా ఆయన జట్టుకు ఒక అలవాటుంది. కొత్త క్రేను ఎక్కేవాడు కింద నిలబడి, నా గొడుగు ఫలానావాడికి, నా క్యారియరు ఫలానావాడికి అని గట్టిగా అరిచి మరీ ఎక్కుతాడు. అందరూ నవ్వుతారు. నన్నూ అలా అరవమన్నారు మా ఆయన. నలుగురిలో అరవడం నా వల్ల కాదు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. ట్యాంకు పని చేసేది మేం ముగ్గురం, ఆర్డరు కాగితంలో ఉన్నది నా ఒక్కదాని పేరు. నేను పని చేయలేకపోతే అది సైన్‌బోర్డుల కొండలరావు గారికి పోతుందని అందులోనే రాసి ఉంది. అప్పుడు మిగతా ఇద్దరి కష్టం ఆయన పేరు కింద పడిపోతుంది. అలా కాకూడదనే అసలు ఈ వీలునామా.

1. దీన్ని అమలు జరిపే పెద్దమనిషిగా కాలనీ కమిటీ సెక్రటరీ గురునాథరావు గారిని కోరుకుంటున్నాను. ఆర్డరిచ్చిన రోజు ఆయన ప్రశ్నలడుగుతుంటే సిగ్గుతో గోడవైపు తిరిగి నిలబడ్డాను. "సరే, గోడకే చెప్పమ్మా. నేను ఇటు నుంచి వింటాను" అన్నారు. నాకు గోడ పని నచ్చింది కూడా అందుకే. గోడకు ఎదురుగా నిలబడితే ఊరందరికీ నా వీపే కనబడుతుంది.

2. ట్యాంకు పని, రంగు డబ్బాలు, కుంచెలు, పరంజా కర్రలు గంగాభవాని వదినకూ చిలకమ్మ పిన్నికీ సమానంగా చెందాలి. వదిన కాకినాడ నుంచి వచ్చిన పోర్టు గుమాస్తాగారి భార్య, రంగులు కలపడంలో ఆవిడకు సాటి లేదు. పిన్ని ఎన్నో ఏళ్లు సిమెంటు తట్టలు మోసింది, గోడల గుణం తెలిసిన మనిషి. మా మొదటి బొమ్మ బాలవాడి గోడ మీద వేశాం. ఆరు నెలలకే చిలకల రెక్కల మీద తెల్లగా ఉప్పు పూసింది. పిన్ని గోడను నాలుకతో చూసి, "సముద్రం ఇసకే అమ్మీ! ఉప్పు కూరలో ఎయ్యాల గానీ గోడలో ఏటి?" అంది. అప్పట్నుంచి పిన్ని రుచి చూడందే మేం గోడ ముట్టుకోం. "పిన్నీ, ఉప్పు సరిపోయిందా అండీ?" అని వదిన ప్రతిసారీ అడుగుతుంది. పిన్ని ప్రతిసారీ తిడుతుంది.

3. నా ముగ్గుపిండి డబ్బా, చుక్కల పద్ధతి నేర్చుకోవాలని వచ్చే ఆడపిల్లలందరివీ. బోర్డులు రాసేవాళ్లు గడులు గీసి బొమ్మ పెంచుతారు. మేం చుక్కలు పెడతాం. కాగితం మీద వేలెడు దూరం, గోడ మీద మూరెడు దూరం, కలిపే తీరు ఒకటే. ద్వారకా నగర్ కుట్టు సెంటరు నుంచి ముగ్గురు పిల్లలు ఇప్పటికే అడిగారు. వాళ్లకు పెళ్లిళ్లయినా పని మానిపించవద్దని వాళ్ల అత్తగార్లకు నా మాటగా చెప్పాలి. వదిన చెబితే బాగుంటుంది, ఆవిడకు భయం లేదు.

4. కొండలరావు గారికి ఆయన నిచ్చెన తిరిగి ఇచ్చేయాలి. బాలవాడి పనికి ఎరువిచ్చారు. మేం అన్నాలకు ఇంటికెళ్లి వచ్చేసరికి బొమ్మ కింద "కొండలరావు ఆర్ట్స్" అని రాసేశారు. వదిన నిలదీస్తే, "ముగ్గులేసుకునే ఆడోళ్లకి పేరేటమ్మా? గుమ్మంలో ముగ్గు కింద సంతకం ఎడతారేటి?" అన్నారు.  దానికి జవాబు నాకు మూడేళ్లు ఆలోచించాక దొరికింది. ముగ్గు మర్నాడు చిమ్మేస్తాం, గోడను చిమ్మం. అయినా ఉప్పు కింద నుంచే కదా ఎక్కేది, మొదట రాలింది ఆయన పేరే. మర్యాదగా అడిగితే చుక్కల పద్ధతి ఆయనకూ నేర్పమని పిన్నికి చెబుతున్నాను.

5. మా ఆయన ఖాకీ ప్యాంటు, పరంజా మీద చీర కింద నేను వేసుకుంటున్నది, ఉతికి ఆయనకివ్వాలి. నీలం మరక పోదు. తాళ్లకు ముడులు వేయడం నేర్పింది ఆయనే. "నన్ను నమ్మకపోతే నమ్మకు గానీ, నా ముడిని నమ్మే" అంటారు. రేపు సెలవు పెట్టి కింద నిలబడతారట. నా తర్వాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. ఆవిడకూ ముడులు నేర్పాలి.

6. బొమ్మ సంగతి. ట్యాంకు చుట్టూ చేయీ చేయీ పట్టుకున్న ఇరవై నలుగురు ఆడవాళ్లు. చేపల గంప ఆమె, తట్ట మోసే ఆమె, నర్సు, పాలామె. ట్యాంకు చుట్టుకొలతకు కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే, చివర గోడ లెక్కన ఒక మూర ఖాళీ మిగిలింది. తప్పు నాదే. వాకిట్లో వరసకు ఈ కొసా ఆ కొసా రెండూ లెక్కే. గుండ్రటి ట్యాంకుకు మొదటి చుక్కే చివరి చుక్క, నేను దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ మూరలో మనిషి పట్టదు, పేర్లు పడతాయి. చిలకమ్మ, గంగాభవాని, గౌరీశ్వరి అని ఒకదాని కింద ఒకటి, ఒకే సైజు అక్షరాలతో వదిన రాయాలి. నేను లేకపోయినా నా పేరు ఉండాలి.

7. నా వెండి పట్టీలు మా అత్తగారు దేముడమ్మ గారికి. (ఈ అంశం కొట్టివేయడమైనది.) పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని దస్తావేజులు రాసే చలమయ్య గారు చెప్పారు. కోడలు గోడలెక్కడమేమిటని రెండేళ్లు నాతో సరిగా మాట్లాడని మనిషి ఆవిడ. వెంటనే లేచి, "నాకేటికే పట్టీలు? రేపు అది ఎక్కడం నాను సూత్తాను. సాచ్చికం నానే ఎడతాను" అని పట్టుబట్టారు. పట్టీలు వదినకు చెందాలి.

8. రాసినవాళ్లు పోయాకే వీలునామాకు బలమని కూడా చలమయ్య గారే చెప్పారు. అంటే నేను బతికి ఉన్నంతకాలం ఆర్డరులో నా ఒక్క పేరే. అది నాకు నచ్చలేదు. ఇంతవరకు రాసి, మధ్యాహ్నం కాలనీ ఆఫీసుకు పట్టుకెళ్లి గురునాథరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి నుంచి చదివారు. ఉప్పు దగ్గర నవ్వారు. ఆరో అంశం రెండుసార్లు చదివారు. "ఈమాత్రం దానికి చచ్చిపోవాలా అమ్మా? ముందే అడగలేకపోయావా?" అన్నారు. ఆర్డరు పుస్తకం తీయించి, కొండలరావు గారి వాక్యం కొట్టేసి, నా పేరు పక్కన మిగతా రెండు పేర్లూ రాసి, సంతకం చేసి, స్టాంపు వేశారు. థాంక్స్ అని ఆయన ముఖం చూసే చెప్పాను.

కాబట్టి ఈ వీలునామాకు ఇప్పుడు తొందరేమీ లేదు. ట్రంకుపెట్టె అడుగున ఓ యాభై ఏళ్లు పడి ఉండనివ్వండి. రేపు ఆరింటికల్లా నేను పరంజా దగ్గరుండాలి.

విశాఖపట్నం, 11 ఫిబ్రవరి 1987, బుధవారం.

(సంతకం) కర్రి గౌరీశ్వరి, గోడ చిత్రకారిణి

సాక్షులు:
1. చలమయ్య, దస్తావేజు లేఖరి
2. కర్రి దేముడమ్మ, వేలిముద్ర. సిరా చాలలేదని నీలం రంగులో ముంచి వేశారు.