పసుపుకొమ్ముతో ఎమ్మారై

2014 ఏప్రిల్ 7, టౌరంగా, న్యూజిలాండ్

కివీ పండ్ల ప్యాక్‌హౌస్ మూడో లైను ఆడవాళ్లందరికీ పుష్పలత శాసనం: టీ రూము ఫ్రిజ్ రెండో అరలోని ఉసిరికాయ పచ్చడి నా సామ్రాజ్యం. అనుమతి లేకుండా చెంచా పెట్టినవాళ్ల లంచ్ బాక్సులో ప్లాస్టిక్ బొద్దింక వెలుస్తుంది. లైన్లో నా పక్కనే నిలబడే వేదవతికి ఆ శిక్ష నిన్ననే అమలైంది.

ఇక చిన్న విషయం. నా ఎడమ రొమ్ము ఆకారం మారింది.

ఏప్రిల్ 9

ట్రే ఎత్తుతుంటే గుచ్చినట్టయింది. వేదవతితో అంటే, మొన్న బొద్దింక, ఇవాళ నొప్పా, నేను పడను పోవే అని నవ్వింది. దాని తప్పు లేదు. కిందటేడు ఉత్తుత్తినే గుండె పట్టుకుని పడిపోయి అంబులెన్సును గేటు దాకా రప్పించినదాన్ని.

అసలు సంగతి దానికి చెప్పలేను. ఐదేళ్ల కిందట అక్క కూతురి పెళ్లని హైదరాబాద్ వెళ్లి రొమ్ముల్లో సిలికాన్ సంచులు పెట్టించుకొచ్చాను. దానికి ముందు ఎవరిదో పెళ్లి వీడియో చూస్తూ మా ఆయన జనార్దన్, నువ్వు పక్కకి తిరిగితే తలుపు చెక్కేనే అన్నాడు. పదిమందిలో. అందరికన్నా నేనే గట్టిగా నవ్వాను.

ఏప్రిల్ 15

అల్ట్రాసౌండ్‌లో సరిగా తేలలేదు. ఎమ్మారై చేస్తేనే సిలికాన్ సంచి పగిలిందో లేదో ఖాయంగా తెలుస్తుందట. లోపల పగిలినా చాలామందికి ఏళ్ల తరబడి తెలియదట. కాపురాల్లాగే.

ఒంటిమీద లోహం ఉండకూడదట. మోకాలికి స్కానింగ్ అని అబద్ధం చెప్పి మా అమ్మ సత్యమ్మకి ఫోన్ చేశాను. మెడ బోసిగా ఉంచకే తల్లీ, పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టించుకో అంది.

ఏప్రిల్ 28

కారు పార్కింగులో జనార్దన్ నా మెడలో పసుపుకొమ్ము కట్టాడు. తాళి, మెట్టెలు గుప్పిట్లో పట్టుకుని బయట కూర్చున్నాడు.

స్కాన్ చేసే న్యూజిలాండ్ పిల్ల నా మెడలో అదేమిటని అడిగింది. మా అత్తగారి ఎండబెట్టిన వేలు అన్నాను. రెండడుగులు వెనక్కి వేసింది. దుంప తల్లీ, ఉత్త దుంప అని ఒప్పుకున్నాక లోపలికి పంపింది.

బోర్లా పడుకోవాలి. రెండు రొమ్ములకీ రెండు గుంటలు. అరగంట చెవులు పగిలే మోత. పసుపుకొమ్ము గొంతుకి గుచ్చుకుంటూనే ఉంది.

బయటికొచ్చాక తాళి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

మే 6

ఎడమది పగిలింది. పైపొర చిరిగి, మడతలుపడి, జిగురులో తేలుతోంది. ఫోటోలో నూడిల్స్‌లా కనిపిస్తోంది చూడండి అంది డాక్టరమ్మ. నాకు సేమియా పాయసం కనిపించింది. తీసేయాల్సిందేనట. కొత్తవి పెట్టాలా, రెండూ తీసేసి ఊరుకోవాలా, మీ ఇష్టం అంది.

ఇంటికొచ్చి జనార్దన్‌ని అడిగాను. టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, కొత్తవి పెట్టించెయ్, ఈసారి కాస్త పెద్దవి అన్నాడు.

సాయంత్రం సేమియా పాయసం చేశాను. రెండో గిన్నె సగంలో ఉండగా ఫోన్లో ఆ ఫోటో తీసి ముందు పెట్టాను. ఇదీ అదీ ఒకటేనండీ, రుచి చెప్పండి అన్నాను. సింకు దాకా పరిగెత్తాడు.

జూన్ 19

రెండూ తీయించేశాను. కొత్తవి వద్దన్నాను. మళ్లీ తలుపు చెక్కనే. నొప్పిగా ఉంది. వేదవతి వచ్చి ఉసిరికాయ పచ్చడన్నం కలిపి పెట్టింది. ఈసారి నమ్మింది.

జూన్ 20

ఏప్రిల్ 28న జనార్దన్ గురించి రాసిందంతా అబద్ధం, ఆ రోజు అతను రానేలేదు. పసుపుకొమ్ము కారు అద్దంలో చూసుకుంటూ నేనే కట్టుకున్నాను. తాళి స్కానింగ్ సెంటరు నాలుగో నంబరు లాకర్లో పెట్టాను. తీసేసరికి చల్లగా ఉంది.