వంటింటి కిటికీ మూసేశాను

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. మీరు బయట ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి షెడ్డు మీద సోలార్ ప్యానెల్ బిగించాడు. బ్యాటరీ, కంట్రోలర్ లోపల మీ రేడియో రిపేర్ల బల్ల కింద ఉన్నాయి. వైర్లు కలపలేదు. మీ సామాన్ల మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు కదా. "ముందు బ్యాటరీ కలపమనండమ్మా, తర్వాతే ప్యానెల్. తారుమారైతే కంట్రోలర్ పోతుంది" అని రెండుసార్లు చెప్పాడు. లైటు, ఫ్యాను, సోల్డరింగ్ కడ్డీ వరకే నడుస్తాయి. డ్రిల్లు పెట్టకండి.

వంటింటి కిటికీలోంచి మీరు షెడ్డుకి లాక్కున్న వైరు చుట్టచుట్టి మీ కుర్చీలో పెట్టాను. దాని మూలంగా ఇన్నాళ్లూ కిటికీ రెక్క పడలేదు. వానొస్తే పొయ్యి తడిసేది. ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇవాళ మూసేశాను.

అన్నం మూత పెట్టి ఉంది.

ఇంకొకటి. రోజూ పొద్దున్నే ఆ కిటికీ దగ్గరికొచ్చి "స్విచ్ వెయ్యి" అనేవారు. రోజు మొత్తంలో మీరు నాతో మాట్లాడేది అదొక్కటే. ఇకమీదట మీకు ఆ శ్రమ కూడా లేదు.