రిలీజ్ డబ్బా

మల్లన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు తయారుచేసిన అచ్చులోనే ఈరోజు మనకు వీసా ఇచ్చిన కఫీల్ కొడుకు రేసుకారుకి ఫైబర్ బానెట్ చేశాను. మట్టి ట్రాకు మీద రాళ్ళు ఎగిరి తగిలినా పగలదు. నువ్వు నేర్పినట్టే ముందు అచ్చుకు రిలీజ్ మైనం పట్టించాను. "సరిగ్గ రుద్దకుంటె అచ్చు దేన్నీ ఇడ్వదురా" అనేవాడివి. బానెట్ ఎక్కడా అంటుకోకుండా ఊడి వచ్చింది.

కఫీల్ దాన్ని నిమిరి చూసి, "బోలో, క్యా చాహియే?" అన్నాడు. నా పాస్‌పోర్టు ఇంకా ఆయన బీరువాలోనే ఉంది. నీది మాత్రం నీ శవపెట్టెతో పాటే బయటికి వచ్చింది. కంపెనీ మనల్ని వదిలేస్తూ ఇచ్చే కాగితాన్ని కూడా ఇక్కడ గల్ఫులో రిలీజ్ అనే అంటారు కదా. అడిగిన ప్రతిసారీ "మాఫీ", అంటే లేదు పో, అన్న మనిషే, అయినా మళ్ళీ ధైర్యం చేశాను.

"రిలీజ్ చాహియే, అర్బాబ్."

నవ్వి తలూపాడు. మధ్యాహ్నమంతా చేతులు పని మీద నిలవలేదు.

సాయంత్రం డ్రైవర్ యాదగిరి వచ్చి, "అర్బాబ్ నీకిమ్మన్నడు" అని ఒక సంచి ఇచ్చాడు. అందులో రిలీజ్ మైనం డబ్బా ఉంది, కొత్తది, పెద్దది.

నువ్వుంటే క్యాంపంతా తిరిగి చెప్పి నవ్వించేవాడివి. నేనింకా ఎవరికీ చెప్పలేదు. రేపు ఆ మైనమే అచ్చుకు పట్టించి కారుకి తలుపులు చేయాలి.

నీ రాజం